సన్యాసమ్మ చేతిముద్ద

మొగుడు ఊపిరితో ఉండగానే సన్యాసమ్మ ముక్కుకమ్ములు కత్తిరించేశారు. ఆ పని చేసినవాళ్ళు పగవాళ్ళు కారు, దొంగలూ కారు, తెల్లకోట్లవాళ్ళు. చాటున కూడా కాదు. టాటానగర్‌లో భుయ్యాడీహ్ వెళ్ళే రోడ్డు మీది ధర్మాసుపత్రి వరండాలో, పట్టపగలు, ఆయాలూ స్వీపర్లూ రోగుల తాలూకు మనుషులూ గుంపుగా నిలబడి చూస్తుండగా చేశారు.

సిస్టర్ జయమణి వెనకనుంచి ఆమె తలని తన పొట్టకేసి అదిమి పట్టుకుంది. కరెంటు మేస్త్రీ తీగలు తెంపే పటకారుతో ఎదురుగా నిలబడి, ఈ పాపం నాకెందుకు చుట్టుకుంది రా దేవుడా అన్నట్టు దిక్కులు చూస్తున్నాడు. పక్కన డాక్టర్ వెంకటరావు. మూతికి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి లాక్కుని మాట్లాడుతున్నాడు. ఆయన మాట్లాడేటప్పుడు ఆ గుడ్డ ఎప్పుడూ గడ్డం కిందే ఉంటుంది. ఆయన ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాడు.

"ఏడవకమ్మా. నీ మొగుడు లేచి నడిచిన రోజున కొత్తవి నేనే చేయించి పెడతాను. ఆ కన్నాలు పుండుపడ్డాయి. అందులో ఉన్న పురుగు పెన్సిలిన్‌కి చావదు. నువ్వు ముక్కు తుడుచుకుని అదే చేత్తో కట్లు విప్పుతున్నావు. అర్థమైందా?"

"బాబూ, మీ కాళ్ళు మొక్కుతాను. పని మానీమంటే మానేత్తాను. ఈదిలోకి పొమ్మంటే ఎల్లిపోతాను. కమ్ములు మాత్రం తియ్యొద్దు. ఆయన బతికున్నాడు బాబూ."

"బతికుండాలనే తీయిస్తున్నాను."

"కదలకే, ముక్కు తెగుద్ది" అంది జయమణి. "ఇంత రేకు ముక్క మీద అంత నమ్మకం ఏంటే నీకు? ఊపిరి పోసేవాడు పైనున్నాడు."

ఎడమ పక్కది తెగింది. కుడి పక్కది తెగింది. మధ్యలోని అడ్డకమ్మి దగ్గర మేస్త్రీ పటకారు జారి చర్మం గీరుకుపోయింది. నెత్తురుచుక్క పెదవి మీదికి జారింది. జయమణి దూదిని ఊదారంగు మందులో ముంచి ముక్కు లోపలా బయటా పులిమింది. నీళ్ళతో కడిగితే పోయే రంగు కాదది, వారాల తరబడి ఉంటుంది. గుంపులోంచి ఎవడో "దేఖో, బైంగన్!" అన్నాడు. వంకాయ. నలుగురు నవ్వారు.

సన్యాసమ్మ పుట్టిన టెక్కలి వైపు, ఆమె కులంలో, ఆ మూడు కమ్ములూ పెళ్ళిలో మేనమామ పెడతాడు. తీసేది ఒకేసారి, మొగుడు పోయిన పదో రోజున, ఏటి ఒడ్డున. ఆ సంగతి వరండాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. డాక్టరుకీ తెలుసు, ఆయనా తెలుగువాడే, కాకినాడ మనిషి.

ఆ వరండాని ఆనుకునే అద్దాల గది ఉంది. ఒళ్ళంతా కాలినవాళ్ళని, ఇవాళో రేపో అన్నట్టున్నవాళ్ళని అందులో పెట్టేవారు. ఎప్పుడూ ఒక సిస్టరు కాపలా ఉండేది. తాలూకు మనుషులు అద్దంలోంచి చూడాలే గాని లోపలికి పోకూడదు. ఆ గదిలో కిటికీ పక్క మంచం మీద పోలరాజున్నాడు. ఛాతీ నుంచి కిందికి కాలిపోయింది గాని మొహం చెక్కుచెదరలేదు. పెళ్ళాం కేకలు విని తల తిప్పాడు. చూశాడు. కట్టు లేని చెయ్యి మెల్లిగా పైకెత్తి, వేలితో తన ముక్కు తాకి, ఏవి అన్నట్టు ఆడించాడు.

సన్యాసమ్మ కొంగు తీసి ముక్కు మూసుకుంది.

పోలరాజు చెయ్యి దించాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మళ్ళీ అద్దం వైపు తిరగలేదు.

మూడో రోజున పోయాడు. సామాన్లు అప్పగిస్తూ జయమణి చెప్పింది. "నిన్ను చూశాక ఒక్కటే మాటన్నాడే. 'ఓహో, నా పని అయిపోనాదన్నమాట' అన్నాడు. తర్వాత నోట్లో నీళ్ళు పోసినా మింగలేదు."

సన్యాసమ్మ దేవతేమీ కాదు. ధర్మాసుపత్రిలో ఆయాగా చేరిన కొత్తలో ఆమె నోటికి స్వీపర్లు కూడా జడిసేవారు. రోగుల కోసం చుట్టాలు తెచ్చిన బత్తాయిల్లో తన వాటా తను తీసుకునేది. మూలిగే ముసలమ్మలని, "అరవకే, అరిస్తే తగ్గిపోద్దేటి?" అని గదమాయించేది. అయితే పుండు కడగడానికి ఆమె చేతినే అడిగేవారు, ఆ చెయ్యి అంత తేలిక. తిట్టేది నోరు, కడిగేది చెయ్యి, రెండింటికీ పొత్తు లేదు.

ఆ ఆసుపత్రిని ఒక కలప వ్యాపారి కట్టించాడు. పెద్ద ఆసుపత్రుల్లో చోటు దొరకని కాంట్రాక్టు కూలీల కోసం అన్నారు. ధర్మాసుపత్రి అంటే ధర్మానికి చావనిచ్చే చోటు అని ఆ కూలీలుండే పేటలో చెప్పుకునేవారు. మొదట్లో అలా ఉండేది కాదు. పెన్సిలిన్ వచ్చిన కొత్తలో అది అమృతమే. చీము పట్టిన కాలు వారంలో ఎండిపోయేది. దాంతో దగ్గుకీ అదే, జ్వరానికీ అదే, కడుపునొప్పికీ అదే. సూది వెయ్యకపోతే డాక్టరే కాదు అనేదాకా వచ్చింది. కొన్నేళ్ళకి పురుగు ఆ మందుకి అలవాటు పడింది. తర్వాత స్ట్రెప్టోమైసిన్ తెచ్చారు, దానికీ అలవాటు పడింది. అద్దాల గదిలో కాలినవాళ్ళ పుళ్ళు ఒకరి తర్వాత ఒకరివి ఒకేలా తిరగబెట్టాయి. అదే పసుపు చీము, అదే తీపి వాసన. పది రోజులు బాగున్నవాడు పదకొండో రోజున వణుకుతో మొదలుపెట్టి పాడె మీద బయటికొచ్చేవాడు.

పోలరాజు ఒక చిన్న ఫౌండ్రీలో పోత పని చేసేవాడు. తడి ఆరని అచ్చులో కరిగిన ఇనుము పోస్తే అది పేలింది. అప్పటిదాకా ఆడవాళ్ళ వార్డులో పనిచేసిన సన్యాసమ్మ జయమణి కాళ్ళావేళ్ళా పడి అద్దాల గదికి మార్పించుకుంది. మొగుడి కట్లు తనే విప్పింది, తనే కడిగింది. గాజు తలుపు అవతల బొటనవేలంత బతుకు మిగిలి ఉందని ఆమె నమ్మకం. దానికి కాపలా తన ముక్కున ఉన్న మూడు కమ్ములు. వేడికీ ఆవిరికీ ఆ కన్నాలు రసి కారుతుంటే పసుపు ముద్ద అద్దుకునేది.

చావులు ఆగకపోయేసరికి ఆసుపత్రి కట్టించిన సేఠ్ డాక్టరుని పిలిచి, కారణం చెప్పు, లేకపోతే గది మూసేస్తాను అన్నాడు. డాక్టరు అందరి ముక్కుల్లోంచీ నమూనాలు తియ్యమన్నాడు. ఆ పని చేసినవాడు సవరయ్య. లేబరేటరీలో గాజు పళ్ళేలు కడిగే ఉద్యోగంలో చేరి, వాటిలో పురుగుని పెంచే పని నేర్చుకున్న క్రైస్తవుడు. నోరు ఊరుకోదు. పుల్లకి దూది చుట్టి ముక్కుల్లోకి దూరుస్తుంటే ఒకటే తుమ్ములు, ఒకటే నవ్వులు.

"ముక్కుల పండగరా బాబూ! తుమ్మినోడికి రెండు పుల్లలు!"

జనం బెరుకు పోగొట్టడానికి డాక్టరే ముందు కూర్చున్నాడు. "నాది తియ్యవయ్యా సవరయ్యా, డాక్టరు ముక్కు బంగారమా ఏం?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు రోజుల తర్వాత సన్యాసమ్మ ఒక్కదాన్నే వరండాలోకి రమ్మన్నారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. సన్యాసమ్మని వార్డుల్లోంచి తీసి వెనకవైపు గుడ్డలుడికే షెడ్డులో వేశారు. డాక్టరుకి జ్వరమన్నారు, కొన్నాళ్ళు రాలేదు. వచ్చాక గదికి కొత్త కట్టుబాట్లు పెట్టాడు. ప్రతి మంచం దగ్గరా చేతులు కడుక్కునే బేసిను, ముక్కు మీదికి కట్టి తీరవలసిన మూతిగుడ్డ. అద్దాల గదిలో చావులు నిజంగానే తగ్గాయి. ఇంకేం కావాలి రుజువు? సన్యాసమ్మని తీశారు, చావులు తగ్గాయి. చిన్నపిల్లాడు కూడా ఒప్పుకునే లెక్క.

పేటలో ఇంకో లెక్క ఉంది. పోలరాజు తల్లి వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి వినిపించేది.

"మొగుడు మంచం మీదుండగా కమ్ములు తీయించీసుకున్నాదమ్మా! తల నరికినా ఇత్తానా నానైతే? నా కొడుకు దాన్ని సూసీసి పేనం ఒదిలీసినాడు."

"నానియ్యనేదత్తా, పట్టుకుని కోసీసినారు."

"సేతులు నేవేటే నీకు? కొరకడానికి పళ్ళు నేవేటే?"

ఆసుపత్రి తీర్పు ప్రకారం కమ్ములు ఉంచుకుని మొగుణ్ణి చంపింది. పేట తీర్పు ప్రకారం కమ్ములు తీయించుకుని చంపింది. ఒకటి నిజమైతే రెండోది కాకూడదు కదా అని ఎవరికీ తోచలేదు. జనం చేతిలో రెండు తాళ్ళుంటే రెంటితోనూ కడతారు.

సన్యాసమ్మకి కూడా ఏది నమ్మాలో తెలియలేదు. కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కునేది. కడిగిన చేతులే మళ్ళీ కడిగేది. ఈ చేత్తోనేనా? లేకపోతే ఆ ముక్కుతోనా? రెంటితోనూనా?

అయినా మొగుడు పోవడం ఒక్కటైతే ఏడ్చి ఊరుకునేది. కొడుకు కూడా పోయాడు, బతికుండగానే. ఆదిబాబు అప్పటికి పలక పట్టుకుని బడికి పోయే పిల్లాడు. వరహాలమ్మ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీయమ్మ సెయ్యి ఇసం నాయినా. ఆ సేత్తో ఎట్టింది తినకు. మీ అయ్య తినీసే పోనాడు" అని నూరిపోసింది. వండేది వరహాలమ్మ, వడ్డించేది వరహాలమ్మ. సన్యాసమ్మ జీతం తెచ్చి గూట్లో పెట్టి, తన పళ్ళెం తను తీసుకుని పెరట్లో కూర్చునేది.

ఒకసారి ముసలమ్మకి విరోచనాలు పట్టి మంచం దిగలేకపోయింది. ఇదే సందు అని సన్యాసమ్మ కొడుక్కిష్టమని ఎండుచేపలూ వంకాయా వండింది. వేడన్నం కలిపి పిలిచింది. ఆదిబాబు పళ్ళెం తీసుకున్నాడు. వాడు పళ్ళెం పట్టుకెళ్ళి వీధికుక్క ముందు పెట్టి, గుమ్మంలో గొంతుక్కూర్చుని కుక్కనే చూస్తూ ఉండిపోయాడు. కుక్క తిని, పళ్ళెం నాకి, తోకాడించింది.

"సూసినావా? ఏటైనాదేటి దానికి?" అంది సన్యాసమ్మ.

"కుత్తే కో కుఛ్ నహీ హోతా" అన్నాడు వాడు. కుక్కలకేమీ కాదట. తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం అప్పటికే అలవాటైంది. హిందీలో అయితే అమ్మా అని పిలవక్కర్లేదని కాబోలు.

అలా ఏళ్ళు గడిచాయి. సోడా వేసిన మరుగునీళ్ళలో దుప్పట్లు కర్రతో తిప్పి తిప్పి సన్యాసమ్మ చేతులు తెల్లబడ్డాయి, అరచేతుల గీతలు కూడా చెరిగిపోయాయి. వార్డులోకి అడుగు పెట్టనివ్వరు గాని వార్డులోని చీమూ నెత్తురూ అంతా ఆమె దగ్గరికే వచ్చేది. ఆదిబాబుకి మీసాలొచ్చాయి. టాటానగర్ స్టేషన్లో సామాన్లెత్తే కాంట్రాక్టరు దగ్గర ఖలాసీగా చేరాడు. ముసలమ్మకి చూపు తగ్గి వంట మానేశాక స్టేషన్ దగ్గర హోటల్లో తినడం మొదలుపెట్టాడు గాని తల్లి చేతికూడు ముట్టలేదు. ఆమె కోరిక కూడా ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి అంతే మిగిలింది. ఇల్లొద్దు, వాకిలొద్దు. ఆడు నా సేత్తో ఒక్క ముద్ద తినాల.

అలాంటి రోజుల్లో సవరయ్య లేబరేటరీ కోట్లు ఉతకడానికి పడెయ్యడానికి షెడ్డుకొచ్చాడు.

"అప్పా, ఆదోరం మధ్యాన్నం ఇందు బోజనం. నువ్వు రాకపోతే ఒప్పుకోను. డాక్టరుబాబు వైజాగ్ ఎల్లిపోతన్నాడు. ఆయన్తో పాటు ఆయన ముక్కూ ఎల్లిపోతంది. ఇంక అద్దాల గదికి బేఫికర్, ఏ బెంగా నేదు!"

నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి చుట్టూ చూశాడు. సన్యాసమ్మ మరుగుతున్న గుడ్డల్లోంచి కర్ర పైకి తీసి పట్టుకుని ఉంది. కర్ర చివర ఆవిరి పొగలు కక్కుతోంది.

"ఏటన్నావు?"

"ఊరికే అన్నానప్పా, మజాక్."

"సవరయ్యా. ఈ కర్ర నీ నోట్లో ఎట్టీమంటావా, సెప్తావా?"

సవరయ్య తలుపువైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "అందరి పళ్ళేల్లోనూ ఏవో ఒకటి పెరిగినాయి. పసుపు రంగు పురుగు పూసినాట్లో మందుకి సావనివి మాత్రం రెండే. ఒకటి నీది. రెండోది ఆయనది. మందు తడిపిన కాగితం బిళ్ళలు ఎట్టి సూసినాను. పెన్సిలినెట్టినా, స్ట్రెప్టోమైసినెట్టినా, బిళ్ళ అంచుదాకా మేసుకుంటూ వచ్చీసినాయి. రెండూ ఒక్క తల్లి పిల్లల్లాగున్నాయి. ఆయనకి సూపించేను. తన పళ్ళెం సూసీసి 'పారెయ్' అన్నాడు. పారేసినాను."

"మరి నాది?"

"నీది బల్ల మీదెట్టమన్నాడు. సేఠ్‌కి సూపించడానికి."

కాగులో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. సన్యాసమ్మ కర్ర దించింది.

"ఇంకోటి సెప్తానినుకో. నువ్వు ఆ గదిలోకి ఎల్లకముందే ఎంతమంది సచ్చిపోనారు? ఆళ్ళ ముక్కున నీ కమ్ములున్నాయేటి? నువ్వు అప్పుడు ఆడోళ్ళ వార్డులో కాదేటి? నీ ముక్కులోకి ఆ పురుగు ఆ గదిలోంచే వచ్చుంటాది. నువ్వు తెచ్చినది కాదు, ఆళ్ళు నీకంటించినది. నిన్ను తీసేసినాక ఆయనకి జరమన్నారే, జరమూ నేదు, గిరమూ నేదు. ఇంట్లో కూకోని తన ముక్కుకీ అదే ఊదారంగు మందేసుకున్నాడు. లోపలికి. ఎవుడికీ కనపడకుండా. అప్పుణ్ణించే కద, గుడ్డ ముక్కు మీదికి కట్టడం మొదలెట్టింది?"

తను ఆ గదిలోకి వెళ్ళకముందు చచ్చినవాళ్ళ సంగతి సన్యాసమ్మకి అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. పేటలో ఎవరికీ తట్టలేదు. తప్పు నీది అని పదిమంది అంటే, తారీకులు చూసుకునే ధైర్యం ఎవరికుంటుంది?

"అప్పుడెందుకు సెప్పనేదురా?"

"నాకూ ముక్కుందప్పా" అన్నాడు సవరయ్య. "నౌకరీ కూడా ఉంది."

ఆ సాయంత్రమే అతన్ని రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. ఆదిబాబు గుమ్మంలో కూర్చుని బూటు తుడుచుకుంటున్నాడు. సవరయ్య సగం తెలుగులో సగం హిందీలో పళ్ళేల కథంతా చెప్పాడు. ఆదిబాబు చివరిదాకా విన్నాడు. సన్యాసమ్మ వాడి మొహం మీంచి చూపు తిప్పలేదు.

"చాచా, పీకే ఆయే హో క్యా?" అన్నాడు వాడు. తాగొచ్చావా అని.

"ఒట్టురా! ఏసుప్రభువు మీదొట్టు!"

"తాగినప్పుడు నువ్వేసుకునే ఒట్టే అది" అంది లోపల్నుంచి వరహాలమ్మ.

ఆదిబాబు బూటు తొడుక్కుని లేచాడు. "డాక్టర్ సాబ్ ఖుద్ బోలే, తబ్ మానూంగా" అన్నాడు. డాక్టరే తన నోటితో చెబితే నమ్ముతానని. అన్నవాడు వీధిలోకి పోబోయి ఆగాడు. ఈసారి తల్లివైపు చూసి, ఎన్నాళ్ళకో, తెలుగులో అన్నాడు. "ఆయన సెప్తే తింటాను."

మర్నాడు సన్యాసమ్మ అగ్రికో కాలనీకి వెళ్ళింది. డాక్టరు అక్కడ తన తమ్ముడి క్వార్టర్స్‌లో ఉంటున్నాడు. వరండాలో పెట్టెలు కడుతున్నారు. ఆయన ఆమెని చూసి వెంటనే పోల్చుకోలేదు. ముక్కు చూసి పోల్చుకున్నాడు. పటకారు గీరుకున్న చోటు గీతలా మిగిలిపోయింది.

ఆమె చెప్పింది విని నిట్టూర్చాడు. "ఆ పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా? ఆ పురుగు ఒకరిద్దరి ముక్కుల్లోనే ఉంటుందా? పదిమందిలో ముగ్గురికుంటుంది. నీకుంది, నాకుంది. ఎవరినుంచి ఎవరికెళ్ళిందో దేవుడు కూడా చెప్పలేడు."

"ఆరోజు మీరు సెప్పీసినారు కద బాబూ."

డాక్టరు పెట్టె తాడు వంక చూశాడు. "ఆరోజు ఎవరో ఒకరి పేరు చెప్పకపోతే గది మూసేసేవాళ్ళు. నా పేరే చెప్పుకుంటే నన్ను పంపేసేవాళ్ళు. నేను పోతే ఆ కట్టుబాట్లన్నీ ఎవరు పెట్టేవాళ్ళు? ఆ తర్వాత ఆ గదిలో ఎంతమంది బతికారో తెలుసా నీకు?"

"తెల్దు బాబూ. ఆళ్ళ గుడ్డలుతికేనంతే."

ఆయన పెట్టె తాడు ముడి విప్పి మళ్ళీ బిగించాడు. "సరే. ఆదివారం విందుకి నీ కొడుకుని తీసుకురా. వాడితో నేనే చెబుతాను" అన్నాడు.

ఆమె ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. కమ్ములు కోయించినవాడి కాళ్ళకి. మాటిచ్చాడు కదా, అందుకు.

ఆదివారం ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. విస్తళ్ళు పరిచారు. తెలుగు వంటవాళ్ళు పులిహోర కలిపారు. సేఠ్ డాక్టరు మెడలో దండ వేసి మాట్లాడాడు. "మన అద్దాల గది శ్మశానమైపోయిన రోజుల్లో డాక్టర్ సాబ్ రోగం వేరు ఎక్కడుందో కనిపెట్టి, తన చేత్తో పీకి అవతల పారేశారు." చప్పట్లు మోగాయి. పాతవాళ్ళు కొందరు తలలు తిప్పి వెనకాల వరసలో ఉన్న ఆ 'వేరు' వైపు, సన్యాసమ్మ వైపు చూశారు. ఆదిబాబు తల వంచుకున్నాడు. డాక్టరు చేతులు జోడించి చిరునవ్వు నవ్వాడు.

విస్తళ్ళ ముందు కూర్చున్నాక సన్యాసమ్మ కొడుకుని వెంటబెట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, మా ఓడొచ్చినాడు. ఆ మాట సెప్పీయండి."

డాక్టరు పక్కనున్న సేఠ్‌ని చూశాడు, అటుపక్కనున్న జయమణిని చూశాడు. "తర్వాతమ్మా, తర్వాత."

"తరవాతంటే రైలెక్కీసినాకేటి?"

ఆయన ఆదిబాబువైపు తిరిగి నవ్వాడు. "మీ అమ్మ కష్టజీవి బాబూ. జాగ్రత్తగా చూసుకో."

"ఇదా బాబూ మీరు సెప్తానన్నది?"

"ఏమే, పండగ పూట ఏంటీ గోల?" అంది జయమణి. ఆమె జుట్టు నెరిసింది గాని గొంతు నెరవలేదు. "ఆకు ముందు కూర్చున్న మనిషిని కాల్చుకు తింటావా?"

"చలో మా. హో గయా" అన్నాడు ఆదిబాబు. అయిపోయింది, పోదాం పద అని. 'మా' అనే పిలుపు వాడి నోట విని ఎన్నేళ్ళైందో.

సన్యాసమ్మ కదల్లేదు. "సరే బాబూ, మాటొద్దు. మీకు సేఠ్ గోరి ముందు ఇబ్బంది. ఒక్క ముద్ద తినండి. నా సేత్తో. ఆడు సూత్తాడు, సాలు."

వంగి, ఆయన విస్తట్లోంచే పులిహోర తీసి, చిన్నపిల్లాడికి కలిపినట్టు మూడు వేళ్ళతో ముద్ద చేసి, ఆయన నోటి దగ్గరికి పట్టుకుంది. ఏళ్ళ తరబడి సోడాలో, మరుగునీళ్ళలో ఉడికి తెల్లగా పాలిపోయిన చెయ్యి. ఆ ఆసుపత్రిలో అంతకన్నా శుభ్రమైన చెయ్యి ఇంకొకటి లేదు. ఆ సంగతి ఆ పందిట్లో అందరికంటే బాగా తెలిసినవాడు డాక్టర్ వెంకటరావే.

గరిటెల చప్పుడు ఆగింది. వడ్డించేవాళ్ళు బకెట్లు పట్టుకుని నిలబడిపోయారు. ఆదిబాబు తల్లి చేతిని చూడటం లేదు, డాక్టరు నోటిని చూస్తున్నాడు.

డాక్టరు పెదవులు విడబోయాయి. విడలేదు. తల వెనక్కి వెళ్ళింది. ఎడమ చెయ్యి తనంతట తనే జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టింది.

"ఆకులో పెట్టమ్మా" అన్నాడు రుమాలు వెనకనుంచి. "తింటాను. ఆకులో పెట్టు."

సన్యాసమ్మ చెయ్యి ఇంకొంచెంసేపు అలాగే గాల్లో ఉంది. తర్వాత ముద్దని విస్తట్లో ఒక పక్కగా పెట్టి, వేళ్ళు కొంగుకి తుడుచుకుంది. వెనకాల ఆదిబాబు అప్పటికే గేటు వైపు తిరిగాడు.

"నిజం తెలిసినోరు మీరొక్కరే బాబూ" అంది. "మీకే నోరు తెరుసుకోనేదంటే, ఏటీ తెలీనోడు, ఆడెలగ తింటాడు?"